తొమ్మిదో పుట

నాకు పాట రాదు.
సంతపేట రైసుమిల్లులో ముప్పయ్యొక్కేళ్లు కాటా రాసినోణ్ణి.
కూనిరాగం తీస్తే మూటలు మోసేవాళ్లు
'గుమాస్తాగారూ, గింజలు దడుచుకుంటాయి' అనేవాళ్లు.

అయినా మా ఇంట్లో
ఇల్లు రాయించుకున్న కాగితాల పక్కనే,
కలరా ఉండల వాసనలో,
మన్నేపల్లి రామానుజయ్య జావళీలు.
స్వరసహితము, వెల పన్నెండణాలు.
మూడు ప్రతులు, మూడింటి మీదా ఆయన చేవ్రాలు.

మొదటిది చినబజారులో, రవణమ్మ పాతకాగితాల కొట్లో,
టెంతు గైడ్ల మధ్య, కిలో పద్నాలుగు లెక్కన.
ముల్లు నిలవకముందే పైకి తీసేస్తూ
'చెదలు తిన్నదానికీ ఎగబడతావేంది సామీ' అంది.
నేను మాట్లాడలా.
లోపలి అట్ట మీద ఆకుపచ్చ సిరా,
పేరు చివరి వత్తు అట్ట అంచు దాకా సాగి
చోటు చాలక వెనక్కి తిరిగింది.

రెండోది కందుకూరు నాటక సమాజం బీరువాది.
సమాజం పోయింది. బీరువా కొన్న టైలరు
కొలతలు రాసుకోవడానికి ఉంచుకున్నాడు:
పల్లవి పక్కన ఎవరిదో నడుం, ముప్పయ్యారు.
మూడోదానికి అద్దంకి మూడుసార్లు తిరిగా.

మూడింట్లోనూ తొమ్మిదో పుట,
అనుపల్లవి, రెండో ఆవర్తం,
అచ్చులో 'ని'.
ఆయన దాన్ని కొట్టేసి పైన 'ద' అని రాశాడు.
మద్రాసు ప్రెస్సోడి తప్పుని
చేతికందిన ప్రతి పుస్తకంలోనూ కూచుని దిద్ది,
ఆ తర్వాతే సంతకం.
నాకాయన నచ్చింది అక్కడే.
తూకం వేసేముందు రాయి సరిచూసుకునే రకం.

నాలుగోది మొన్న, పెన్నకు నీళ్లొచ్చిన వారం.
రంగనాయకులపేటలో ఎవరో ఇల్లు కడుక్కుంటూ
చాపలతో పాటు అరుగు మీద పడేశారు.
పుటకీ పుటకీ మధ్య పేపరు పెట్టి
రెండ్రోజులు ఫ్యాను దానికే ఇచ్చా.
మా ఆవిడ విసనకర్ర తీసుకుని డాబా ఎక్కింది,
ఇంకా దిగలా.

తొమ్మిదో పుట మెల్లగా విడివడింది.
'ని' కొట్టేసి 'ద'.
ఆ 'ద' మీద ఇంకో గీత.
నీలం సిరా. చెయ్యి వణికింది.
పక్కన, ఖాళీలో:
'అచ్చే ఒప్పు. మ.రా.'

కాలేషా దగ్గరికి పరిగెత్తా.
ట్రంకురోడ్డు వెనక సందులో హార్మోనియం రీడ్లు ఆకురాయితో రాకే మనిషి.
పొట్ట విప్పిన పెట్టెనొకదాన్ని ఒళ్లోకి లాక్కుని
'ద' వాయించాడు. బాగుంది.
'ని' వాయించాడు.
వేలు తియ్యలా.
తిత్తిలో గాలి దానంతటది అయిపోయిందాకా
ఇద్దరం గోడకేసి చూస్తా కూచున్నాం.
'అయితే దీన్ని ప్రెస్సోడు కట్టాడంటావా?'
అన్నాడు కాలేషా.

రాత్రి భూతద్దం పెట్టి చూశా.
చివరి పుట అడుగున ప్రెస్సు పేరుంది, వీధి పేరుంది,
యజమాని పేరు పొడుగాటి అక్షరాల్లో ఉంది.
సీసపు గడిలో చెయ్యిపెట్టి
'ద' అనుకుని 'ని' తీసినోడి పేరు లేదు.
అనుకునే తీశాడో, నిద్రమత్తో,
పక్క గదిలో ఎవరన్నా పాడుకుంటున్నారో.
కందుకూరులో మాత్రం
దిద్దిందే ఒప్పనుకుని
జీవితమంతా పాడుంటారు పాపం.

తెల్లారి రవణమ్మ కొట్టు తియ్యకముందే పోయి
ఆ పుస్తకం మళ్లీ తగిలితే, సంతకం లేనిదైనా సరే,
దిద్దనిదైతే ఇంకా మంచిది, పక్కన పెట్టమన్నా.
ఈసారి ముల్లు నిలిచిందాకా ఆగి
'పదహారు చేశాం' అంది.