కోరం

మా సంఘానికి కోరం ఇరవై అయిదని
మొదటి ఏడాది నిబంధనల్లో రాసుకున్నాం.
తర్వాత పదిహేను చేశాం. తర్వాత పదకొండు.
ఈ డిసెంబరు రెండో ఆదివారం
గవర్నర్‌పేటలో, బైండింగ్ షాపు మీది గదికి
మెట్లెక్కి వచ్చింది తొమ్మిది మంది.
మెట్లు ఇరవై రెండు.
ఇంజన్ రూములోకి రోజుకు పదిసార్లు దిగి ఎక్కిన మోకాళ్ళు
పదకొండో మెట్టు మీద ఆగి
కాసేపు గోడ మీది పోస్టరు చూస్తాయి.

సముద్రం లేని ఊళ్ళో ఓడవాళ్ళ సంఘమేమిటని
రిజిస్ట్రారాఫీసు గుమాస్తా అప్పట్లోనే నవ్వాడు.
నిజమే. బెజవాడకు కృష్ణ ఉంది, మూడు కాలవలున్నాయి,
ఉప్పునీళ్ళ జాడ మాత్రం ఒక్క రోడ్డు పేరులోనే ఉంది:
బందరు రోడ్డు.

హాజరు పిలిచేది నేను.
మనిషి పేరు పిలిస్తే పలకరు, ఓడ పేరు పిలవాలి.
"నీలాంబరి!"
నాంచారయ్య, సరంగు. గాలికి ఎదురు అరిచిన గొంతు,
ఈ చిన్న గదిలో ఇమడదు.
"కోరల్ ప్రిన్స్!"
ఎలీషా, బండారి. తుఫానులో ముప్పై మందికి
పప్పు ఒలక్కుండా వండినవాడు.
ఇప్పుడు కోడలు స్టవ్వు ముట్టనివ్వదు.
"వంశధార!"
ఎవరూ పలకలేదు.

వంశధార ఎప్పుడో పోయింది.
గుజరాతు ఒడ్డున బురదలోకి తోలి
కోసి, కిలోల్లెక్కన అమ్మారు.
కోటిలింగం మొన్న శ్రావణంలో.

అప్పుడు సుభానీ, గుంటూరు నుంచి బస్సులో వచ్చినవాడు,
రేడియో ఆఫీసరు, ఆ ఉద్యోగమే లోకంలో లేకుండా పోయినా
వేళ్ళు ఊరుకోని మనిషి,
టీ చెంచాతో బల్ల మీద కొట్టాడు.
మూడు చుక్కలు, గీత, చుక్క, గీత.
ముగ్గు కాదది. అవతలినుంచి ఇక కబురు రాదని
వాళ్ళలో వాళ్ళు చెప్పుకునే మాట.

ముంబైకి పెట్టిన పెన్షన్ అర్జీకి జవాబు లేదు.
రెండో అంశం: కోరం ఏడుకు తగ్గించుట.
"తగ్గించుకుంటూ పోయి
చివరికి ఒక్కడే కూర్చుని తీర్మానం చేసుకుంటాడా?"
నాంచారయ్య లేచాడు. అందరం లేచాం.
కరెంటు పోయింది.

కింద జిరాక్సు షాపువాడి జనరేటరు అందుకుంది.
మొదట కిటికీ ఊచ, తర్వాత గ్లాసుల్లో టీ,
తర్వాత గచ్చు.
అరికాళ్ళలోంచి సన్నగా పైకి పాకింది.
వాదన ఎవరు ఆపారో తెలీదు.
నేను టార్చి వేసి చూద్దును కదా,
ఒక్కొక్కడూ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి ఉన్నాడు,
ఇద్దరైతే బల్ల అంచు పట్టుకుని.

నేను ఆయిలర్‌ని. పదిహేడేళ్ళు ఆ చప్పుడు పక్కనే పడుకున్నాను.
చప్పుడుకు మేం లేవం. ఆగితే లేస్తాం.
నడిసముద్రంలో ఇంజన్ ఆగిందంటే
ఓడంతా ఒకేసారి కళ్ళు తెరిచేది.
పని మానేసి పటమట ఇంటికొచ్చిన కొత్తలో
ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి కూర్చునేవాణ్ణి.
రత్నమాణిక్యం ఏమీ అడగలేదు.
అర్ధరాత్రి కుట్టుమిషను ముందు కూర్చుని
గుడ్డ లేకుండా, దారం లేకుండా తొక్కేది,
నాకు నిద్ర పట్టేదాకా.
మిషను ఇంకా ఉంది.

కరెంటు వచ్చింది. కిందివాడు జనరేటరు కట్టేశాడు.
తొమ్మిది తలలూ ఒక్కసారే లేచాయి.
"ఏమైంది తాతా?" అన్నాడు టీ కుర్రాడు.
"ఆగింది," అన్నాడు ఎలీషా.

తర్వాత అందరం కిందికి దిగి
సూయజ్ దాటినవాళ్ళం, పనామా దాటినవాళ్ళం,
ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని
బందరు రోడ్డు దాటడానికి పావుగంట నిలబడ్డాం.
హోంగార్డు పిల్ల జాలిపడి ఈల వేసింది.

మినిట్సు పుస్తకంలో ఇలా రాశాను:
కోరం తగ్గింపు వాయిదా పడినది.
మధ్యలో కరెంటు పోయి వచ్చినది.
టీ, సమోసాలు నూట ఎనభై.
వంశధార పేరు మీద పెన్ను పెట్టి
కొట్టెయ్యలేదు.
సుభానీ బస్సు అందుకున్నాడో లేదో, ఫోన్ చెయ్యాలి.