ఆటూ పోటూ

ఒబ్దూలియా బోర్లా పడుకుంటే
బల్ల మీదంతా సముద్రం వాసన.
సబ్బుతో రెండుసార్లు కడుక్కునే వచ్చానంటుంది
వచ్చిన ప్రతిసారీ, సంజాయిషీలా.
కంబాదోస్‌లో ఎవరికి పోతుందని ఆ వాసన!

ముప్పయ్యెనిమిదేళ్లుగా
నీళ్లు తగ్గిన ఇసుకలో
ఇనప పళ్ల దంతెతో ఆల్చిప్పలు గీరిన వీపు.
నిటారుగా నిలబడ్డా సగం వంగే ఉంటుంది,
కింద ఏదో పడిపోతే వెతుకుతున్నట్టు.

నేను నూనె రాయను.
నూనె రాస్తే చెయ్యి జారుతుంది,
జారే చేతికి లోపలి సంగతి తెలీదు.
పొడి అరచెయ్యి. అంతే.
కమలాతొన మీద తెల్లటి పొర ఉంటుందే,
అలాంటిదొకటి
అరికాలి నించి నడినెత్తి దాకా
ఒక్క కుట్టు లేకుండా మనిషిని చుట్టుకుని ఉంటుంది.
మడమ దగ్గర లాగితే మెడ దగ్గర ముడత.
ఈమె నడుం దగ్గర మాత్రం
గంజి ఎక్కువైన గుడ్డలా అట్టకట్టింది.

నొక్కకూడదు.
నేర్చుకునే రోజుల్లో ఈ ముక్క నా తలకెక్కలేదు.
బలమంతా బొటనవేలిలోకి తెచ్చి నొక్కేదాన్ని,
నొక్కినకొద్దీ అది బిగుసుకునేది,
కోప్పడితే మొండికేసే పిల్లలా.
ఇప్పుడు ఒక చెయ్యి ముడ్డిపూస మీద
ఒక చెయ్యి పక్కటెముకల కింద
రెంటి మధ్యా రవ్వంత ఎడం అడుగుతూ
ఊరికే ఉంటాను.
ఒక నిమిషం. ఏమీ లేదు.
రెండో నిమిషం. కింద వీధిలో రొట్టెల బండి హారన్.
ముందు నా భుజమే నొప్పెడుతుంది.

అప్పుడు
వెన్న కరిగినట్టుంటుందని చెప్పారు మాకు. కాదు.
తడి ఇసుకలో కదలకుండా నిలబడితే
పాదం కింద ఇసుక తనంతట తను జరుగుతుందే,
అలా
నా అరచేతి కింద ఒబ్దూలియా
వేలెడు మేర జరిగింది.

కొందరు ఈ క్షణంలో ఏడుస్తారు,
కాగితం రుమాళ్ల డబ్బా అందుబాటులోనే పెడతాను.
ఒబ్దూలియా ఏడవలేదు.
ముఖం పెట్టుకున్న కన్నంలోంచి
నేలతో మాట్లాడుతున్నట్టు అంది:
"అంతా విప్పేయకు ఇరియా.
రేపు ఆరున్నరకి ఆటు.
వంగాలి నేను.
పోయినసారి నువ్వు బాగుచేశాక రెండ్రోజులు
వంగనని మొరాయించింది నడుం,
నాలుగు కిలోలు తక్కువ తెచ్చాను."

దీనికి జవాబు నాకెవరూ నేర్పలేదు.
చేతులు తియ్యలేదు, ముందుకూ పోలేదు.
పోటు ఏ వేళకి ఒడ్డెక్కుతుందో ఆమెకి తెలుసు,
నడుంలో పోటు ఏ వేళకి లేస్తుందో కూడా.
నాకు తెలిసింది పొర ఒక్కటే.

చివరికి బేరం కుదిరింది.
ఎడమ పక్క ఇవాళ, కుడి పక్క శనివారం.
"శనివారం నీళ్లు పెద్దగా తగ్గవు,
పనుండదు, అప్పుడు నీ ఇష్టం" అంది.
డబ్బుతో పాటు
కారుతున్న ఆల్చిప్పల సంచి ఒకటి
నా కొత్త రసీదు పుస్తకం మీదే పెట్టింది.

మెట్లు దిగుతోంది.
ఎడమ భుజం కాస్త ఎత్తులో,
కుడి భుజం ఇంకా నీళ్లలోనే.