కుండమార్పు

డరమ్‌లో గురువారం, నాలుగింటికే చీకటి.
రేడియేటర్ మీద నా తడి గ్లవ్స్ ఆరుతున్నాయి.
బోర్డు మీద ప్రొఫెసర్ థర్కెల్ గీస్తున్నాడు:
త్రికోణం మగ, గుండ్రం ఆడ,
జంట గీతలు పెళ్లి.
ఒక త్రికోణానికి మాత్రం నల్లగా నింపి
"ఇతను 'నేను'. లెక్క ఇక్కణ్ణుంచి," అన్నాడు.
"ఇతను చెల్లెల్ని ఇస్తాడు,
అతని చెల్లెల్ని తెచ్చుకుంటాడు.
దక్షిణ భారతం. ఎంత అందమైన పొందికో చూడండి."

మా వైపు దీన్ని కుండమార్పు అంటారు.
చెప్పలేదు. నోట్సు రాసుకున్నాను.
నేను గీసిన గుండ్రాలు కుండల్లాగే వచ్చాయి.
ఒకటి మా అమ్మ, వేజెండ్ల నుంచి వచ్చింది.
ఒకటి మా మేనత్త, వేజెండ్లకి వెళ్లింది.
ఒకే పందిరి, ఒకే ముహూర్తం,
ఖర్చు కలిసొస్తుందని.

మామయ్య అత్త మీద చెయ్యి చేసుకున్నాడని
పాల వ్యాన్ డ్రైవర్ కబురు తెచ్చిన రోజు
అమ్మ ఏమీ అనలేదు.
పొయ్యిలో చెంబెడు నీళ్లు పోసింది.
పదకొండు రోజులు.
నాన్న హోటల్ ఇడ్లీ తిని, కసిరి, బతిమాలి,
చివరికి సైకిలెక్కాడు
బావమరిది చొక్కా పట్టుకోవడానికి.
మరుసటేడు నాన్న వంతు వచ్చింది.
ఈసారి వేజెండ్లలో పొయ్యి ఆరింది.
నిండుకుండ తొణకదంటారు.
వీళ్లు సరిగ్గా చూసి తొణికారు.

చెయ్యెత్తాను.
"ఈ గుండ్రానికీ ఆ గుండ్రానికీ మధ్య గీత లేదేం?"
"వాళ్లకి నేరుగా సంబంధం లేదు కదా,"
అన్నాడు, మర్యాదగానే.
వదిన, అన్నాను తెలుగులో.
అటునుంచీ వదినే, ఇటునుంచీ వదినే.
స్పెల్లింగ్ అడిగాడు.

పక్క కుర్చీలో కెరీ వార్డిల్, ఈజింగ్టన్ పిల్ల,
గని మూసేశాక పుట్టింది.
"సమ్మె ఏడాదంతా మా నానమ్మ వాళ్లు
వెల్ఫేర్ హాల్లో ఊరికంతా వండారు," అంది గుసగుసగా.
"యూనియన్ జెండాని అద్దాల్లో పెట్టారు.
గరిటె మా ఇంట్లోనే ఉంది."
ఇక్కడ వెలిగించారు, అక్కడ ఆర్పారు.
ఏ గీతతో కలపాలో
నాకింకా తెలీదు.

రాత్రి ఫోన్లో అమ్మకి బొమ్మ చూపించాను.
కళ్లజోడు వెతుక్కొచ్చి చాలాసేపు చూసింది.
"ఇందులో నేనే సున్నా?"
చూపించాను.
"మీ అత్తకీ పంపు. నవ్వుకుంటుంది."
నీ పదకొండు రోజులూ రాశానమ్మా, అన్నాను.
"పదకొండెక్కడివే! తొమ్మిది.
పదోనాడు తెల్లారకుండానే వెళ్లాడు మీ నాన్న.
రాస్తే సరిగ్గా రాయి."