బంకమట్టి చెప్పిన కొలత

ఐఫెల్ కొండల్లో నవంబరు.
గుడ్రున్ టైర్ల షెడ్డులో
పొగమంచు కూడా రబ్బరు వాసనేస్తుంది.

"పంతొమ్మిది అంగుళాలు" అన్నాను,
ఎన్నాళ్ళనుంచో జేబులో మడిచి దాచుకున్న
ఫోటో విప్పి చూపిస్తూ.
నా ఎర్ర రెండు సీట్ల కారుకి ఇరవై రెండేళ్ళు,
నాకు యాభై మూడు.
ఇద్దరిలో ఒకరైనా కంటికి నదురుగా ఉండాలి కదా.

ఆమె నవ్వలేదు.
చేతులు తుడుచుకుని
రెండు చక్రాలు దొర్లించుకొచ్చి నా ముందు ఆపింది.
"ఎత్తి చూడు."

పద్దెనిమిదో ఏటినుంచి పిండి తూస్తున్నవాణ్ణి,
తక్కెడతో పనిలేదు, మణికట్టే చెబుతుంది.
పెద్దది పన్నెండున్నర కిలోలు.
పదిహేడంగుళాలది ఎనిమిదికి రవ్వంత పైన.
నాలుగు చక్రాలకీ కలిపితే
తేడా పదిహేడు కిలోలు:
నా పొయ్యిలోంచి దిగే మొదటి వాయి రొట్టెలు.

"వాటిని ఒళ్ళో పెట్టుకుని పోవడం కాదు, హార్ట్‌మూట్,
గతుకు గతుక్కీ ఎగరేసి పట్టుకోవాలి
నీ ముసలి స్ప్రింగులు."

పెద్ద టైరు పక్కగోడ మీద
బొటనవేలు అడ్డంగా ఆనించింది.
వెడల్పులో నూటికి ముప్పై అయిదు పాళ్ళు, అంతే ఎత్తు.
"ఇందులో గాలి కూర్చోడానికి చోటేదీ?"

నాకు రొట్టె గుర్తొచ్చింది.
లోపలి మెత్తన తీసేసి
పైపెచ్చు ఒక్కటే అమ్మితే
ఎవరు కొంటారు?
అయినా మొండికేశాను.

వాదించలేదు గుడ్రున్.
మనవడి ఆకుపచ్చ బంకమట్టి తెచ్చి
మడ్‌గార్డు లోపల మందంగా మెత్తింది.
పంతొమ్మిదిని బిగించింది.
చక్రాన్ని దుంగ మీదికి ఎక్కించి
స్టీరింగు ఈ కొసనుంచి ఆ కొసకి తిప్పమంది.

దించి చూస్తే
మట్టి నడిమికి తెగింది,
చీలికలోంచి ఇనుము తొంగిచూస్తోంది.

పదిహేడుకి
పెన్సిలంత మందం మిగిలింది.

"ఇంతకీ ఎక్కడ నడుపుతావు?"

అడవి అవతలి రేసు ట్రాక్ అందామని నోరు తెరిచాను.
అక్కడికి కొన్న టిక్కెట్టు
రెండేళ్ళుగా సొరుగులో పడుకుంది.
నిజం చెప్పాను:
పొద్దున్న తొమ్మిదికి, పొయ్యి ఆర్పాక,
బీట్ దుంపల ట్రాక్టర్లు బురద రాల్చిన రోడ్డు,
ఒక రైలు గేటు,
ఆ పైన పదకొండు మలుపులు.
కొండమీద ఒక కాఫీ. మళ్ళీ దుకాణం.

"పదకొండు మలుపులు తక్కువేం కాదు" అంది,
వచ్చినప్పట్నుంచీ ఆమె నాకిచ్చిన మొదటి మంచి మాట.
రసీదు వెనక రాసింది:
రెండువందల ఇరవై అయిదు, నలభై అయిదు, పదిహేడు.
"పాత చక్రం ఒక చుట్టులో ఎంత దూరం దొర్లేదో
ఇదీ అంతే. నీ స్పీడోమీటరు అబద్ధమాడదు."

శుక్రవారం, రైలు గేటు దగ్గర
అలవాటుగా పళ్ళు బిగించాను.
టైరు ఆ దెబ్బని ముందు తాను తిని
నాకు సగమే చెప్పింది.
ఏడో మలుపు తడిసి ఉంది, ఆకులు.
వెనక చక్రం ఒక్క క్షణం ఆలోచించింది,
ఆ ఆలోచన నడుముకి తెలిసింది,
చేతులు వాటంతటవే
కొంచెం, చాలా కొంచెం, వదిలాయి.
పిండి సాగే చోట
వేళ్ళు ఆపే ఒడుపు అది.
ఇన్నాళ్ళూ కారులో దానికి పనే లేకపోయింది.

తెగిన బంకమట్టి ముక్కని అడిగి తెచ్చుకున్నాను.
గల్లాపెట్టె పక్కన పెట్టాను, టైరు గీతలు పైకి కనిపించేలా.
నిన్న ఒక పిల్ల దాన్ని కొత్త రకం బిస్కెట్టనుకుని
ధర అడిగింది.

ఫోటో మాత్రం ఇంకా జేబులోనే ఉంది.
పంతొమ్మిది.
చూడ్డానికి బావుంటుంది,
కాదనను.