పద్నాలుగు సెకన్లు

తుఫాను షెల్టరు గోడకి
సున్నం కొట్టి తెర చేశారు.
ప్రొజెక్టరు రాజోలు నుంచి, అద్దె ఆరొందలు.
కరెంటుని నమ్మలేం.
జనరేటరు రొయ్యల చెరువుది,
రాత్రి కాపలా ఇశ్రాయేలు
తోపుడుబండి మీద తెచ్చేశాడు:
"గంటసేపు రొయ్యలకి ఊపిరాడకపోతే ఆడకపోనీ."

ఆ చెరువు మీదే నా సినిమా.
సమాధుల దొడ్డికి పోయే పుంత తవ్వేసి
గట్లు పోసుకున్నారు.
అప్పట్నుంచీ మా పేట చావులు
పంటకాలవలో, నడుంలోతున.
మా తాత పెట్టె దాటుతుంటే
ఫోను తలమీదకెత్తి తీశాను.
వెనకాల ఏడుపు ఫ్లూటు కలిపాను.

పదకొండు నిమిషాలు.
పిల్లలు "ఒరే నీ చొక్కా" అని అరిచారు.
చిన్నాన్న తన వీపు తనే గుర్తుపట్టలేదు.
అయిపోయాక చప్పట్లు లేవు.
తెల్లగోడ మీద ఒక బల్లి, దాని నీడ.

దయామణమ్మ లేచింది:
"నా మాటేదే?
మీ చిన్నాన్న కాలు జారితే
'బతికుండగా ఈత రాలేదు,
ఇప్పుడు నేర్చుకుంటున్నాడు మీ నాన్న'
అన్లేదేంటే నేను?
అందరం నవ్వలేదేంటే?
ఏడుపొక్కటే పెట్టావు.
ఏడుస్తా అంత బరువు మోస్తారేంటే ఎవరన్నా?"

ఇశ్రాయేలు బండి తోసుకుపోయాడు.
కాసేపటికి చెరువులో చక్రాలు తిరగడం వినబడింది.

ఆ ముక్క నేనే కోసేశాను,
హైదరాబాదు పోటీకి పంపేదాంట్లో
నవ్వెందుకని.
ఫోన్లో ఉంది ఇంకా.
ముందు నీళ్లు, తర్వాత ఆవిడ గొంతు,
తర్వాత అందరూ.
పెట్టె ఒక్కసారి ఊగింది.
ఒక్క భుజమూ దిగలేదు.