దరఖాస్తు, నాలుగోసారి

షార్జా, సజ్జా క్యాంపు, పదిహేడో నంబరు రూము.
కింది మంచం మీద, మోకాళ్ల నడుమ ల్యాప్‌టాప్.
పై మంచంల భూమేశ్ గుర్రు.
రేపు పొద్దుగాల పదింటికి గడువు.
సాయనిధి వాళ్ల ఫారం అడుగుతాంది:
"సమస్యను వంద మాటలకు మించకుండా వివరించండి."

వంద ఎందుకు సార్, ఒక్కటి చాలు.
దవాఖానల మావోళ్లకు వచ్చిన మాట ఒక్కటే:
కడుపు పట్టుకొని పెయిన్,
నడుము పట్టుకొని పెయిన్.
డాక్టరమ్మది ఈజిప్టు, నర్సుది కేరళ,
వాళ్ల తప్పేం లేదు.
మా దిక్కు నొప్పి ఒక్క తీరుగ ఉండదు గదా,
సలుపుతది, గుంజుతది,
పోటు పొడుస్తది, తీపులు తీస్తది,
పచ్చి పుండు మీద మిరపకాయ నూరినట్టుంటది,
ఎద మీద ఎవలో మోకాలు పెట్టి కూసున్నట్టుంటది.
ఆ ఆఖరుది చెప్పరాక
బుచ్చిమల్లు గ్యాసు గోలీలు తెచ్చుకున్నడు.

మొదటి దరఖాస్తుల వాని పేరు రాసిన.
"ఫోటో జతచేస్తే బాగుంటుంది" అన్నరు.
రెండోసారి పేరు తీసేసిన.
వాని పెండ్లాన్ని అడగకుండ
వాని చావును నేనెట్ల జతచేస్త?

మూడోసారి "సవినయంగా" అని ఐదు చోట్ల రాసిన.
చదువుకుంటే నాకే నడుము వంగింది.

ఈసారి ఉత్త లెక్కలు.
రాత్రి పదికెల్లి పొద్దున ఆరు దాక మోగే ఫోను ఒకటి.
ఎత్తెటోళ్లు ముగ్గురు:
స్టోరుల సామాను రాసుకునే నేను,
అజ్మాన్ల ఒక ఇంట్ల వంట చేసే లసుంబాయి,
ట్యాక్సీ ఖాజా మొయినొద్దీన్, అరబ్బీ ఆయనకే సక్కగొస్తది.
ఏడాదికి రీచార్జి. చార్జర్లు రెండు.
జీతం గడిల సున్న పెట్టిన.
లసుంబాయి తిట్టింది, "నిద్ర పుణ్యానికొస్తదారా?"
చెరిపి, తలా రెండు వందల దిర్హాములు వేసిన.

"లబ్ధిదారుల సంఖ్య?"
నొచ్చినోళ్లందరు అని రాయబోయి
నాలుగు వందలు అని రాసిన.
"ఫలితాన్ని ఎలా కొలుస్తారు?"
ఇక్కడ చానసేపు ఆగిన.
బాత్రూం కాడ నల్లా కారుతాంది.
ఎవలో లేచి, కట్టేసి, మళ్ల పన్నరు.
అప్పుడు రాసిన:
కేసు కాయితం మీద పెయిన్ అనే మాట పక్కన
ఇంకో మాట కనబడ్డ రోజు
దాన్ని ఒకటి అని లెక్క పెడుతం.

రెండున్నరకు ఫోను.
ఎన్నడో ఇచ్చి మరిచిన నంబరు దాచుకున్నట్టుంది నర్సు,
మలయాళం కలిసిన హిందీ: "మీ మనిషే, మాట్లాడు."
"చెప్పు తమ్మీ, ఏడ నొస్తాంది? ఎట్ల నొస్తాంది?"
అటు దిక్కు ఊపిరి ఇనబడుతాంది.
కొంచెం సేపటికి,
"ఏం లేదన్నా. మంచిగనే ఉన్న."

ఫోను మళ్ల నర్సు చేతికి.
"క్యా బోలా?"
"చాన నొస్తాందట సిస్టర్, జర జల్ది చూడుండ్రి."

ఫారంల "అదనపు వివరాలు" గడి
ఖాళీగనే ఉన్నది.
అట్లనే పంపిన.