వేలం పాట

ఇసకపల్లి చర్చిలో కోతపండగ వేలం నాదే, పన్నెండేళ్లుగా.
గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది.
గుమ్మడికాయ పాడినా, గుడ్లపెట్ట పాడినా
ధరతో పాటు ఒక నవ్వు కూడా పలికిస్తానని పేరు.
అరవోళ్ల మీద ఒకటి, లంబాడోళ్ల మీద ఒకటి,
యానాదుల మీద అరడజను,
జేబులో చిల్లరలా ఎప్పుడూ గలగలమంటుండేవి.

ఆ ఏడు మానికల చెంచయ్య
గుడ్డ వాసెన కట్టిన కుండ తెచ్చి బల్ల మీద పెట్టాడు.
బాప్తిస్మం తీసుకుని ఆరు నెలలు.
చొక్కాకి కొట్లో పెట్టిన మడతలు ఇంకా పోలేదు.
కుండ ఎత్తి చెవికి ఆనించుకున్నా.
"లోపల కిచకిచమంటన్నాయయ్యా,
తోకలున్నాయో లేవో చూసి పాడండి" అన్నా.

రేకుల కప్పు అదిరింది.
అయ్యగారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.
కోశాధికారి సుగుణరావు కళ్లు తుడుచుకున్నాడు.
చెంచయ్యా నవ్వాడు,
అందరికన్నా ఒక క్షణం ఆలస్యంగా,
అందరికన్నా ఒక క్షణం ఎక్కువసేపు.

కుండలో ఉన్నవి మడపీతలు,
తాటినారతో కాళ్లు కట్టేసినవి.
నాలుగొందల ఇరవైకి పోయినాయి.

రాత్రి ముద్ద దిగలేదు.
ఆ నవ్వు నేనెరిగిందే.
అల్లూరు టీకొట్టు వెనక కొబ్బరిచిప్ప పట్టుకుని
మా నాయన నవ్విన నవ్వు.
"ఏరా జక్కయ్యా, మీ దేవుడూ ఎముకలు కొరుకుతాడంట్రా?"
నవ్వకపోతే నాట్లకు పిలవరు.
అయిదేళ్లవాణ్ణి, ఆయన పంచెకొస పట్టుకుని ఉన్నా.
ఎందుకో తెలీక
నేనూ నవ్వా.

పడుకుని లెక్కలు మొదలుపెట్టా.
నేనంటే నోరుజారా, అయ్యగారు నవ్వొచ్చా?
చందా సంచికి లెక్క చెప్పని సుగుణరావు నవ్వొచ్చా?
కోడలికి కూడు పెట్టని సువార్తమ్మ,
ముందు వరసలో కూచుని, అంత నోరు తెరవొచ్చా?
దీపం ఆర్పేసరికి
సంఘం మొత్తం నా మంచం చుట్టూ బోనులో నిలబడింది.
తీర్పు కుర్చీలో నేను.
కుర్చీ మెత్తగా, హాయిగా ఉంది.
భయమేసింది అందుకే.

మూడు ఆదివారాలు చెంచయ్య రాలేదు.
ఆ మర్నాడు ఉప్పుమళ్ల గట్టు పట్టుకుని బయల్దేరా,
చెప్పాల్సిన మాట వల్లించుకుంటూ.
గాలి లేచి కంట్లో ఏదో కొట్టింది.
గుడిసె చేరేసరికి కన్ను చింతనిప్పు.
అతను వేటకు పోయాడు. ఆడమనిషి ఉంది, మంగి.
"కూసో సామీ, నలపబాక."
సామీ!
మా నాయన ఊరందర్నీ పిలిచిన పిలుపు
నా మీద వచ్చి పడింది.
రెప్ప తిరగేసి, పైటకొస నాలికతో తడిపి
ఒక్క తుడుపు.
వేలిమీద చూపించింది, ఆవగింజలో సగం లేదు.
"ఇంతదానికా ఇంత మడిసి ఏడస్తా ఉండేది?"
పిల్లలు పడీ పడీ నవ్వారు.
నాకూ నవ్వొచ్చింది, రెండు కళ్లలోంచీ.

ఆమె తీసింది నలుసే.
దూలం సంగతి ఎత్తలేదు.
వల్లించుకున్న మాట సగమే బయటికొచ్చింది.
"ఆయనతో చెప్తాలే" అంది.
చెప్పిందో లేదో నాకిప్పటికీ తెలీదు.
చెంచయ్య వస్తున్నాడు, వారం విడిచి వారం,
తలుపు దగ్గరి బెంచీలో కూచుంటాడు.

ఈ ఏడూ కుండ వచ్చింది.
వాసెన విప్పి, ఉన్నది ఉన్నట్టు చెప్పా.
"మడపీతలు. ఆరు. బతికున్నవి. మానికల చెంచయ్య గారివి."
ఎవరూ నవ్వలేదు.
వెనకనించి ఎవరో అన్నారు,
"రూబేనన్న ముసలోడైపోయాడబ్బా."
పాట మూడొందల ఎనభై దాటలేదు.